నాలుగో అంతస్తు గిటారు

లిఫ్టు మెకానిక్కుకు ఒళ్లు మండే మాట లోకంలో ఒక్కటే ఉంది. "పాతదైపోయిందండీ, మార్చేయాల్సిందే." ఏ భవనానికి వెళ్లినా ముందు ఈ మాటే ఎదురొస్తుంది. తలుపు సరిగ్గా పడకపోయినా, అంతస్తుకు జానెడు కింద ఆగినా, లోపల బల్బు వెలగకపోయినా సరే, లిఫ్టు వయసు ఎత్తిపొడవకుండా ఎవరూ ఊరుకోరు. ఇరవై ఆరేళ్లుగా అతను చెబుతున్నది ఒకే జవాబు. పాతది కావడం జబ్బు కాదండీ, ఎక్కడో ఏదో జరిగింది, అదేమిటో నన్ను చూడనివ్వండి. చూసేవాడు. తలుపు జారే పట్టా నూలుపోగంత పక్కకు జరిగి ఉండేది, లేకపోతే ఏదో స్ప్రింగు సాగి ఉండేది. సరిచేసి, చేతులు తుడుచుకుని, "చూశారా!" అనేవాడు. ఆ ఒక్క మాట అనడం కోసమే ఈయన ఉద్యోగం చేస్తున్నాడని భార్య వెక్కిరించేది.

ఆ సోమవారం పని ఒక అయిదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తు దగ్గర పడింది. తలుపు మూసుకునేటప్పుడు ముసలమ్మ మూలిగినట్టు మూలుగుతోందని ఫిర్యాదు. అతను మోకాళ్ల మీద కూర్చుని పట్టాకు పేరుకున్న మడ్డి గీకాడు. నూనె వేశాడు. చక్రాలు బిగించి, ఎంత బిగిసిందో చూసే నెపంతో స్పానరుతో ఇనుప చట్రం మీద దరువు వేశాడు. చేతికి అదో దురద. ఎదురు ఫ్లాటు తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"రెండో దరువు తొందరపడుతోంది."

అతను నాలిక్కరుచుకుని వెనక్కి చూశాడు. గుమ్మంలో డెబ్భై దాటిన ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. బడిలో ముప్ఫై అయిదేళ్లు పాటలు నేర్పిందట. ఆ భవనంలో పిల్లాపెద్దా అందరికీ ఆవిడ పాటల టీచరే. ఏమైనా వాయిస్తావా అని ఆవిడ అడిగితే, ఏదో కొద్దిగా గిటారు అని అతను నసిగాడు. కొద్దిగా అన్నది అబద్ధం. ఇంట్లో ఉన్న ప్లైవుడ్ గిటారును రోజూ డ్యూటీ దిగాక గంటసేపు వాయించందే అతనికి ముద్ద దిగదు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, పని అయ్యాక ఒకసారి లోపలికి రమ్మంది.

మంచం కిందినుంచి ఆవిడ లాగిన నల్లపెట్టె కొలత చూడగానే అతని గుండె ఒక మెట్టు జారింది. మూత తీసింది. డ్రెడ్‌నాట్. ఒకప్పటి పెద్ద యుద్ధనౌక పేరు పెట్టారట ఆ రకం గిటారుకు. పొట్ట పెద్దది, భుజాలు వెడల్పు, నడుము దాదాపు లేనట్టే. అటువంటిదాన్ని అతను దుకాణాల అద్దాల వెనక చూశాడు, పరాయివాళ్ల ఒళ్లో చూశాడు. ఇది నలభై అయిదేళ్ల నాటిది. ముందు చెక్క ముదిరి చిక్కటి డికాక్షన్ రంగు తేలింది. చెయ్యి ఆనేచోట మెరుగు పోయి, చెక్క నునుపెక్కి ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. చేతులు కడుక్కోవచ్చా అని అడిగి, స్నానాలగదిలో రెండుసార్లు సబ్బు రుద్దుకుని, గోళ్ల సందులు కూడా తోముకుని వచ్చాడు. అది టీచరుకు నచ్చింది.

ఒళ్లో పెట్టుకుని తీగలన్నీ ఒక్కసారి మీటాడు. ఆ మోత పొట్టలోకి వెళ్లి, చొక్కా గుండీని వణికించి, గది అవతలి గోడ దాకా పోయింది. తరవాత ఎడమచేత్తో తీగలు నొక్కాడు. వేళ్ల కొసల్లో చాకు దిగినట్టయింది. ఇదేమిటనుకుని గిటారును కంటి దగ్గరికెత్తి, లిఫ్టు పట్టా వాలు చూసినట్టే, ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాడు. మెడ పొట్టతో కలిసేచోట తీగలకూ చెక్కకూ మధ్య పెన్సిలు దూరేంత సందుంది. ఇన్నేళ్లూ తీగలు లాగీ లాగీ మెడ అతుకు వదులై పైకి లేచిపోయింది. ఈ గిటారు మీద పహిల్వాను వాయించినా పది నిమిషాల్లో వేళ్లు వాచిపోతాయి. ఇది అర్థం కావడానికి అతనికి అరనిమిషం పట్టింది.

టీచరు చెప్పుకుపోతోంది. నాలుగేళ్లయిందట దాన్ని ముట్టుకుని. దుకాణంవాళ్లకు చూపిస్తే గోడకు తగిలించుకోవడానికి బాగుంటుందన్నారట. గోడకైతే ఇవ్వనని చెప్పి పంపేసిందట.

"నా వేళ్లు చచ్చిపోయాయి నాయనా. దాని తప్పేమీ లేదు. డాక్టరూ వయసన్నాడు, మా అమ్మాయీ వయసంది. ఆడలేక మద్దెల ఓడు అనకూడదని ముప్ఫై అయిదేళ్లు పిల్లల చెవులు మెలేసి చెప్పినదాన్ని, ఇప్పుడు నేను వాయిద్యం మీద నేరం మోపుతానా?"

అని అతని మొహంలోకి చూసింది. జవాబు కోసమే చూసింది. మెకానిక్కు నోరు తెరిచాడు. పాతది కావడం జబ్బు కాదండీ అన్న మాట ఇరవై ఆరేళ్ల అలవాటు కొద్దీ నాలిక చివరిదాకా వచ్చేసింది. ఒళ్లో గిటారు బరువుగా, వెచ్చగా ఉంది.

"వయసండీ మరి. ఏం చేస్తాం," అన్నాడు.

ఆవిడ తలూపింది. వాయించేవాడి చేతికి పోతే చాలని చాలా తక్కువ ధర చెప్పింది. అతను బేరమాడలేదు. బేరమాడలేదు కదా అని ఆ తరవాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. సాయంత్రం డబ్బు కవరులో పెట్టి తెచ్చిచ్చి, పెట్టె భుజాన వేసుకుని, లిఫ్టు ఎక్కకుండా నాలుగంతస్తులూ మెట్ల మీదుగానే దిగాడు. కేబులు మీద అతనికి పూర్తి నమ్మకమే. ఎందుకో ఆ పూట ఎక్కబుద్ధి కాలేదు.

*

"సవతిని తెచ్చారన్నమాట," అంది భార్య, పెట్టె కొలత చూసి. ఆమె ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రోజంతా దుప్పట్లు మడతపెట్టిన చేతులు ఇంట్లో కూడా ఊరుకోవు. గిటారు పైకి తీయగానే అలవాటు ప్రకారం పెట్టెలోని గుడ్డ దులిపి, అరలు ఖాళీ చేసింది. చిన్న అరలోంచి తుప్పుపట్టిన తీగల పొట్లం వచ్చింది. ఆఖరి చుక్కదాకా పిండి చుట్టేసిన నొప్పుల మందు ట్యూబు వచ్చింది. దానితోపాటు గుప్పెడు గుడ్డ ప్లాస్టర్లు. వాడి పారేయడం మరిచిపోయినవి. వేలి కొసల ఆకారంలోనే ముడుచుకుని గట్టిపడ్డాయి. ఒక్కో దాని మీదా తీగ దిగబడ్డ గాడి ఉంది.

ఆస్పత్రి కట్లు రోజూ చూసే మనిషి కదా, ఆమె వాటిని అరచేతిలో వేసుకుని దీపం దగ్గరికి వెళ్లింది. ఇది ఎవరిదని అడిగింది. పాటల టీచరుదనీ, వయసు మీదపడి వేళ్లు చచ్చిపోతే అమ్మేసిందనీ అతను చెప్పాడు.

"చచ్చిన వేళ్లకు నొప్పెక్కడిదండీ?" అంది ఆమె. "పాపం, ఎన్ని రోజులు పట్టుబట్టిందో."

అతను తేలు కుట్టిన దొంగలా గిటారు మీదికి వంగాడు. ఆమె ప్లాస్టర్లు చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కుంది. మందు ట్యూబు మాత్రం, ఎందుకో, ఆ అరలోనే మళ్లీ పెట్టేసింది.

మర్నాడు గిటారును బంకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చెక్క వాయిద్యాలు అతికించీ అతికించీ వేళ్ల చివర బంక పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంటుంది. షట్టరు వెనక గదిలో గోడల నిండా పొట్టలు విప్పిన వాయిద్యాలు, మధ్యలో ఒక బల్ల, బల్ల పక్కన స్టవ్ మీద ఒక ముసలి ప్రెషర్ కుక్కరు. దాని మూత మీద విజిలు ఉండాల్సిన చోట రబ్బరు గొట్టం బిగించి ఉంటుంది.

బంకాయన గిటారును కంటి దగ్గరికెత్తి చూసి ఈల వేశాడు. తీగలు ఆనే ఎముక పట్టీ అరగదీసి తీగలు దించుదామంటే అది ఎవరో ఎప్పుడో అరగదీసేశారనీ, ఇక మెడ ఊడదీసి మళ్లీ కూర్చోపెట్టడమే దారనీ చెప్పాడు. మెకానిక్కు ఆశ అక్కడితో ఆగలేదు. చేయించేది ఎలాగూ చేయిస్తున్నాం కదా, ఆ పట్టీ కొత్త ఎముకతో చెక్కమన్నాడు. తీగలు బిగించే బిరడాలు తిప్పితే కిర్రుమంటున్నాయని, పాతవి తీసేసి, మంచి పళ్లచక్రాలున్నవి వేయమన్నాడు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, ఫ్రెట్లు, అరిగినవి మార్చమన్నాడు. తన ప్లైవుడ్ గిటారు బంకాయనకే ఇచ్చేసి ఆ సామాన్ల కింద జమకట్టుకోమన్నాడు. పెళ్లికి ముందునుంచీ ఉన్న గిటారు అది. ఇచ్చేటప్పుడు ఒక్కసారి మెడ నిమిరాడు, అంతే.

"ఇంత మెడ లేచాక కూడా దీన్ని వాయించారంటే, ఎవరో గానీ మొండిఘటం తమ్ముడూ," అన్నాడు బంకాయన. "లోపం దేంట్లో ఉందో వాళ్లకు చెప్పే ఉంటావులే. నీ సంగతి నాకు తెలియదా, లిఫ్టు దగ్గర గంటసేపు పాఠం చెప్పందే కదలవు."

మెకానిక్కు కుక్కరులో నీళ్లు పోసి స్టవ్ వెలిగించాడు.

బంకాయన ఒక ఫ్రెట్టు పటకారుతో పీకి, దాని కింద సన్నటి రంధ్రాలు రెండు వేశాడు. గొట్టం చివరి సూదిని వాటిలో గుచ్చాడు. ఆవిరి బుసకొడుతూ అతుకులోకి దిగింది. ఎన్నో ఏళ్ల నాటి బంక కరుగుతున్న పచ్చి వాసన గదంతా కమ్ముకుంది. మెకానిక్కు పొట్టను తడిగుడ్డలతో కప్పి పట్టుకున్నాడు. బంకాయన మెడను అటూ ఇటూ మెల్లగా, పంటిని కదిపినట్టు కదిపాడు. పది నిమిషాలకు అది చిన్న చప్పుడుతో ఊడి చేతిలోకి వచ్చింది. తరవాత రెండు రోజులూ డ్యూటీ దిగాక మెకానిక్కు అక్కడికే వెళ్లాడు. అతుకు మధ్య గరుకు కాగితం పట్టీ పెట్టి లాగడం, మెడ పెట్టి చూడడం, మళ్లీ లాగడం. తలవెంట్రుక మందం చొప్పున చెక్క రాలింది. చివరికి కొలబద్ద పెట్టి చూస్తే ఎక్కడా సందు లేకుండా కూర్చుంది. బంక పూసి, బిగింపులు పెట్టి, మూడు రోజులు దాని జోలికి వెళ్లవద్దన్నాడు బంకాయన.

ఆదివారం సాయంత్రానికి గిటారు ఇంటికొచ్చింది. మెకానిక్కు మంచం అంచున కూర్చుని వేళ్లు ఆనించాడు. నొక్కినట్టే లేదు. వెన్నలో వేలు దించినట్టు తీగ దిగింది, గది నిండిపోయింది. గంటసేపు వాయించాడు. దుప్పటి మడత పెడుతున్న భార్య సగంలో ఆపి, దాన్ని అలాగే గుండెలకు పట్టుకుని నిలబడిపోయింది. అతనికి సంతోషంతో కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం మధ్యలోనే ఇంకో సంగతి తట్టింది. దీన్ని ఇప్పుడు చంటిపిల్లకిచ్చినా వాయిస్తుంది. ఎవరైనా వాయిస్తారు. అతని చెయ్యి తీగల మీద ఆగిపోయింది. బాగా సిగ్గేసింది.

*

మంగళవారం ఆ భవనంనుంచే మళ్లీ పిలుపొచ్చింది. లిఫ్టు నాలుగో అంతస్తులో గడపకు రెండంగుళాలు పైన ఆగుతోందట, ఎవరో తట్టుకుని పడబోయారట. అతను చప్పుడు చేయకుండా పని కానిచ్చాడు. స్పానరును ఎక్కడా తగలనివ్వలేదు. ఎదురు తలుపు మూసి ఉన్నందుకు లోపల్లోపల దండం పెట్టుకున్నాడు. సామాను సర్దుకుని లేచేసరికి ఆ తలుపు తెరుచుకుంది.

ఎలా ఉంది అది, అని టీచరు అడిగింది. కొడుకు ఇంట్లో కోడలి క్షేమం అడిగినట్టు అడిగింది. బాగుందన్నాడు. ఒక్కసారి తెచ్చి వినిపిస్తావా అంది. నేను ముట్టుకోనులే, విని ఊరుకుంటాను అని కూడా అంది. సరేనన్నాడు.

ఇంటికెళ్లి ఈసారి భార్యకు మొత్తం చెప్పేశాడు, అరనిమిషం సంగతితో సహా. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ప్లాస్టర్లు పడేసిన చెత్తబుట్ట వైపు ఒకసారి చూసింది.

"మరి ఇంకా ఇక్కడే కూర్చున్నారేం?" అంది.

మరునాడు డ్యూటీ దిగి, ఒక భుజాన సామాను సంచీ, ఇంకో భుజాన గిటారు పెట్టెతో నాలుగో అంతస్తు చేరాడు. టీచరు అతనికి కుర్చీ వేసి, తను మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వినడానికి సిద్ధమైంది. అతను కూర్చోలేదు. గిటారు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"వద్దు నాయనా, నన్ను నవ్వులపాలు చెయ్యకు."

"ఒక్కటే. ఒక్కసారి నొక్కండి."

ఆవిడ వేళ్లు మెడ మీదికి వెళ్లాయి. నొక్కకముందే మొహం ముడుచుకుంది, పెదవి పళ్ల కింద చిక్కింది. నొప్పికి ముందే సిద్ధమైపోయిన మొహం అది. మూడు వేళ్లూ తన పాత అలవాటు ప్రకారం బలంకొద్దీ దించి, కుడిచేత్తో మీటింది. ఆ మోత తొణక్కుండా బెణక్కుండా, నిండుగా లేచింది. టీచరు పళ్లు పెదవిని వదిలేశాయి. ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ల కొసలు కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. మళ్లీ నొక్కింది, ఈసారి మెల్లగా. ఇంకో పట్టు మార్చింది. మరొకటి. తరవాత గిటారును కంటి దగ్గరికెత్తి, ఒక కన్ను మూసి, మెడ పొడుగునా చూసింది.

"ఏం చేశావు దీన్ని?"

అతను చెప్పాడు. మెడ లేచిపోయిన సంగతి, ఆవిరి పెట్టి ఊడదీసిన సంగతి, తలవెంట్రుక మందం చొప్పున చెక్క తీసిన సంగతి. చెబుతున్నంతసేపూ ఆవిడ బిరడాల వంక చూస్తోంది.

"అయితే నా వేళ్లు?"

"మీ వేళ్లకేమీ కాలేదు టీచరుగారూ. అప్పుడూ కాలేదు."

బయట లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. మూలుగు లేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. చూసిన అరనిమిషంలో."

"మరి వయసన్నావు."

"అన్నాను. చెబితే మీరు అమ్మరని."

టీచరు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది.

"డాక్టరు తెలియక అన్నాడు. మా అమ్మాయీ తెలియక అంది," అంది చివరికి. "నీకు తెలుసు."

అతను తల దించుకున్నాడు. ఈ గిటారు మీదేనండీ, ఇచ్చేసి వెళ్దామనే వచ్చానన్నాడు. ఆవిడ బీరువా వైపు చెయ్యి చూపించింది. రెండో అరలో అతనిచ్చిన కవరు ఇచ్చినట్టే ఉంది. ఖర్చుపెట్టబుద్ధి కాలేదట, తీసుకుపొమ్మంది. ఈ బిరడాలు నావి కావే అంది. అవి నావి, ఉండనివ్వండి అన్నాడు. బాగున్నాయి అంది. అతను కవరు జేబులో పెట్టుకుని గుమ్మం వైపు తిరగబోయాడు.

"ఎక్కడికి? అక్కడ నిలబడు," అంది టీచరు. "కూర్చోకు."

నలభై ఎనిమిదేళ్ల మనిషి, భుజాన సామాను సంచీతో, హోంవర్కు చేయని పిల్లాడిలా గోడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ తీగలు సవరించుకుని ఒక పాట ఎత్తుకుంది. చిన్నతరగతి పిల్లలకు మొదట నేర్పే పాటలా ఉంది, రెండే చరణాలు. వేళ్లు తడబడ్డాయి. ఛీ అని తన్ను తానే తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి ఒక చరణం దాటింది. మూడోసారికి గొంతు కలిపింది, గొంతు జీరబోయింది, అయినా ఆపలేదు. నాలుగోసారికి గోడ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న సంగతే ఆవిడకు లేదు. మెకానిక్కు ఇంకాసేపు నిలబడి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి బయటికొచ్చాడు.

ఈసారి లిఫ్టే ఎక్కాడు. కింది అంతస్తు మీట నొక్కాడు. మూడో అంతస్తు దాటుతుండగా పైనుంచి గిటారు మోత లిఫ్టు గొయ్యిలోకి దిగి, ఇనుప గోడలకు తగిలి, గదిలో కన్నా పెద్దదై వచ్చింది. అంత పెద్ద పొట్ట మోత కదా, సందు దొరికితే ఊరుకోదు. అతని చెయ్యి తనంతట తనే ఎర్రమీట మీదికి వెళ్లింది. లిఫ్టు ఒక కుదుపుతో రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది.

సంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తనకిక ఇంట్లో ఏ గిటారూ లేదు. ఉన్నది ఇచ్చేశాడు, కొన్నది తిరిగిచ్చేశాడు. పైన టీచరు పాట పూర్తిచేసి మళ్లీ ఎత్తుకుంది. అతను వేళ్లతో మోకాలి మీద దరువు వేస్తూ విన్నాడు. రెండో దరువు ఆవిడ కూడా తొందరపడుతోంది. నాలుగేళ్ల ఆకలి మరి, తొందరపడక ఏం చేస్తుంది అనుకున్నాడు. నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

కింద ఎవరో తలుపు మీద దబదబా బాదారు. "మళ్లీ ఆగిపోయింది! ఈ లిఫ్టు పాతదైపోయిందయ్యా, మార్చేయాల్సిందేనని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినరు!"

మెకానిక్కు లేచాడు. తలుపు సందుకు నోరు దగ్గరగా పెట్టాడు.

"పాతదని కాదండీ," అన్నాడు. "లిఫ్టుకేమీ కాలేదు. నేనే ఆపాను."

కింద చప్పుడు ఆగింది. పైన పాట మళ్లీ మొదటినుంచి మొదలైంది.